ముందు చివరి మాట రాసుకోండి

ప్రశ్న: మేడమ్‌కు నమస్కారం. నేను తిరుపతిలో ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. మా నాన్నకు మామిడి తోట ఉంది. గుజ్జు ఫ్యాక్టరీలకు ఎక్కువగా పోయే తోతాపురి రకం మామిడి రైతులు కాయ ఎలా అమ్ముకుంటున్నారు, ధర ఎవరు నిర్ణయిస్తున్నారు అన్నది నా పరిశోధన. మా వైపు ఊళ్లు తిరిగి 60 మంది రైతులను రెండు సీజన్లలో కలిశాను. కోతకు ముందు ఒకసారి, డబ్బులు చేతికొచ్చాక ఒకసారి. చాలామంది ఒకటే చెప్పారు. కాయ కోసి ట్రాక్టర్‌లో వేసుకుని ర్యాంపుకు (కాయ తూకం వేసి కొనే చోటుకు) పోయాకే ధర తెలుస్తుంది, నచ్చకపోయినా వెనక్కి తెచ్చుకోలేం అని. ఇంకో 20 రోజుల్లో మా డిపార్ట్‌మెంట్‌లో సెమినార్ ఇవ్వాలి. మొత్తం 15 నిమిషాలు, అందులో 3 నిమిషాలు ప్రశ్నలకు. 52 స్లైడ్లు చేసి మా గైడ్ సార్‌కు చూపించాను. "ఇవన్నీ పక్కన పెట్టి ముందు ఔట్‌లైన్ రాసుకుని రామ్మా" అన్నారు. పరిచయం, సాహిత్య సమీక్ష, లక్ష్యాలు, పద్ధతి, ఫలితాలు, చర్చ, ముగింపు అని రాసిచ్చాను. "ఇది ఔట్‌లైన్ కాదు" అన్నారు. మరి ఏది ఔట్‌లైన్ అని అడగడానికి భయమేసింది. పైగా ఇంగ్లీషులో మాట్లాడాలంటేనే టెన్షన్. మా నాన్న కూడా తోతాపురి రైతే అని అక్కడ చెప్పొచ్చా? రైతులకు థాంక్స్ ఎప్పుడు చెప్పాలి?

– ఒక రీసెర్చ్ స్కాలర్, తిరుపతి

సమాధానం:

అమ్మా, మీ గైడ్ అన్నది నిజమే. మీరు రాసిచ్చిన ఏడు మాటల్లో మామిడికాయ ఎక్కడా లేదు. అదే కాగితం మదనపల్లె టమాటా మీద పని చేసేవాళ్లకు ఇచ్చినా సరిపోతుంది, శ్రీకాళహస్తి కలంకారీ మీద పని చేసేవాళ్లకు ఇచ్చినా సరిపోతుంది. అందరికీ సరిపోతోందంటే అందులో మీ పని ఇంకా రాలేదన్నమాట. అది థీసిస్ మొదట్లో వేసే విషయసూచిక. థీసిస్‌కు అది కావాలి. చదివేవాళ్లు తమకు అవసరమైన పేజీ వెతుక్కుంటారు, అర్థం కాకపోతే రెండు పేజీలు వెనక్కి వెళ్తారు. హాల్లో కూర్చుని వినేవాళ్ల చేతిలో పేజీలు ఉండవు. మీరు చెప్పిన వరుసలోనే, మీ వేగంతోనే మీ వెంట నడవాలి. మధ్యలో ఒక్కచోట చెయ్యి వదిలేస్తే మళ్లీ మీతో కలవలేరు.

తిరుపతిలో ఉంటున్నారు కాబట్టి కొండ లెక్కలోనే చెప్తాను. నడిచి వెళ్లడానికి రెండు దారులున్నాయి కదా. అలిపిరి నుంచి 3,550 మెట్లు. గాలిగోపురం దగ్గర కాసేపు కూర్చోవచ్చు, జింకలను చూడొచ్చు, మోకాళ్ల మెట్టు దగ్గర మొక్కు తీర్చుకోవచ్చు. శ్రీనివాసమంగాపురం వైపు శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు. దారి బాగా దగ్గర, ఎక్కడం నిటారు. చేరేది ఒక్కచోటికే. మీ థీసిస్ అలిపిరి దారి, మీ సెమినార్ శ్రీవారి మెట్టు దారి. 52 స్లైడ్లతో మీరు చేయబోయింది, జనాన్ని అలిపిరి మెట్ల మీద 12 నిమిషాల్లో పరుగెత్తించడం. అలా పరుగెత్తితే పైకి ఎవరూ చేరరు. చిన్న దారికి మ్యాపు విడిగా గీసుకోవాలి. మీ సార్ అడిగింది ఆ మ్యాపునే.

ఔట్‌లైన్ అంటే పూర్తి వాక్యాల వరుస. ఒక్కో వాక్యం ఒక సంగతి చెప్పాలి. అది విన్నవాళ్ల మనసులో ఒక ప్రశ్న పుడుతుంది. తర్వాతి వాక్యం దానికి జవాబు కావాలి. "పద్ధతి" అనేది వాక్యం కాదు, అది విని ఎవరికీ ఏ ప్రశ్నా పుట్టదు. "60 మంది రైతులను కోతకు ముందు ఒకసారి, డబ్బులు చేతికొచ్చాక ఒకసారి కలిశాను" అనేది వాక్యం. అది వినగానే "రెండుసార్లు ఎందుకు?" అని ఎవరికైనా అనిపిస్తుంది. మీరు తర్వాత చెప్పాల్సింది అదే.

ఈ వరుసను మొదటి నుంచి రాయడం మొదలుపెట్టకండి. చివరి వాక్యం ముందు రాయండి. సెమినార్ అయిపోయి అందరూ క్యాంటీన్‌లో టీ తాగుతుంటే, రాలేకపోయినవాళ్లు ఎవరో "ఆ అమ్మాయి ఏం చెప్పింది?" అని అడుగుతారు. అప్పుడు విన్నవాళ్ల నోట రావాల్సిన ఒక్క వాక్యం అది. మీరు తొందరపడి పరిచయం మీద కూర్చుంటే ఆ వాక్యం ఎప్పటికీ రాయరు. పరిచయం ఎంత రాసినా తరగదు. మామిడి పుట్టుక, దేశంలో విస్తీర్ణం, జిల్లాలో విస్తీర్ణం అంటూ సాగుతూనే ఉంటుంది.

ఇది నాకు దెబ్బ తగిలాక తెలిసింది. 30 ఏళ్ల కిందట ఒక సెమినార్‌లో వేరుశెనగ రైతుల అప్పుల మీద మాట్లాడాను. అప్పట్లో ఓహెచ్‌పీ (ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్) షీట్ల మీద స్కెచ్ పెన్నుతో రాసుకునేవాళ్లం. రెండు రాత్రులు మేలుకుని రాసిన షీట్లు అవి. శాంపిల్ ఎలా తీసుకున్నానో వివరిస్తుండగా బెల్ కొట్టేశారు. అధ్యక్షులుగా కూర్చున్న పెద్దాయన కోపం లేకుండానే అడిగారు, "ఇంతకీ మీకు తెలిసిందేమిటమ్మా?" అని. ఆ జవాబు నా చేతిలో కిందనున్న షీటు మీద ఉంది. నోటితో చెప్పాలంటే మాత్రం ఒక్క వాక్యంగా రాలేదు, ఎందుకంటే దాన్ని ఒక్క వాక్యంగా నేను ఎప్పుడూ అనుకోలేదు. రెండేళ్లపాటు నాతో ఓపిగ్గా మాట్లాడిన రైతుల మాట ఆ హాల్లో ఎవరికీ చేరలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. అందుకే మీ ఉత్తరానికి ఇంత వివరంగా రాస్తున్నాను.

మీ చివరి వాక్యం మీ ఉత్తరంలోనే ఉంది, మీరు గమనించలేదు. ర్యాంపుకు పోయాకే ధర తెలుస్తుంది, వెనక్కి తెచ్చుకోలేం అన్న మాట. స్లైడ్ల గురించి చెప్పే హడావుడిలో దాన్ని మధ్యలో వదిలేసి వెళ్లిపోయారు. నాకు ఉత్తరమంతటిలో కొత్తగా అనిపించింది అదొక్కటే.

ఇప్పుడు దాన్ని వాక్యంగా మలుద్దాం. మొదట చాలామంది ఇలా రాస్తారు: "తోతాపురి మార్కెటింగ్‌లో రైతులు అనేక సమస్యలు ఎదుర్కొంటున్నారు." ఇది మీరు ఒక్క ఊరు కూడా తిరగకుండా రాయగలిగిన వాక్యం, కొట్టేయండి. రెండోసారి ఉత్సాహం వచ్చి, "ధర ముందుగా తెలియకపోవడం వల్లే తోతాపురి రైతు నష్టపోతున్నాడు" అంటారు. వినడానికి బాగుంది, కానీ ఆ "వల్లే" దగ్గర ఆగండి. పంట ఎక్కువ రావడం, ఫ్యాక్టరీల్లో పాత గుజ్జు మిగిలిపోవడం, ఎగుమతి ఆర్డర్లు తగ్గడం, వీటిలో ఏది ఎంత కారణమో 60 మంది రైతుల మాటలతో తేల్చలేం. ప్రశ్నల సమయంలో మిమ్మల్ని పట్టుకునేది ఆ రెండక్షరాల దగ్గరే. మూడోసారి ఇలా రాయండి: "నేను కలిసిన 60 మందిలో ఎక్కువమందికి కాయ కోశాకే ధర తెలిసింది, అప్పటికి బేరమాడే వీలు వాళ్ల చేతిలో లేదు." "ఎక్కువమంది" అన్నచోట మీ లెక్కలోని అసలు సంఖ్య పెట్టండి. ఈ వాక్యం చిన్నదే, కానీ పూర్తిగా మీది. దీన్ని ఎవరూ కాదనలేరు, మీకన్నా ముందు ఎవరైనా చెప్పారో లేదో మీ సాహిత్య సమీక్షే చెప్తుంది. ఈ ఒక్క వాక్యానికి రెండు రోజులు పట్టినా పర్వాలేదు. మిగతా ఔట్‌లైన్ ఒక సాయంత్రంలో అయిపోతుంది.

ఇప్పుడు వెనక్కి నడవండి. ఈ వాక్యం నమ్మాలంటే హాల్లో వాళ్లకు దానికి ముందు ఏం తెలిసి ఉండాలి? అది తెలియాలంటే దానికి ముందు ఏం కావాలి? ఇలా అడుగుతూ ఒక్కో వాక్యం ఒక్కో చీటీ మీద రాయండి. నేను పాత టీటీడీ క్యాలెండర్ షీట్లను ముక్కలు చేసి, వెనకవైపు రాసుకుంటాను. కాగితం దళసరిగా ఉంటుంది, ముందుకూ వెనక్కూ జరుపుకోవడానికి బాగుంటుంది. కంప్యూటర్ తెరవకండి. స్లైడు తెరిస్తే రంగు, అక్షరాల సైజు, బొమ్మ ఎక్కడ పెట్టాలి అనే వాటి మీదికి మనసు పోతుంది.

మీ చీటీలు ఎలా ఉండొచ్చో రాసి చూపిస్తాను. అలాగే వాడుకోమని కాదు, ఎలా ఉంటుందో తెలియడానికి.

"2025 సీజన్‌లో తోతాపురికి ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం ఇంకో 4 రూపాయలు కలుపుతుందని ప్రకటించాల్సి వచ్చింది." ఒక నిమిషం.

"ఇంత దిగుబడికి ఇదే ధర వస్తుందని అందరూ అంటారు, అయితే రైతు ఆ ధరను ఎప్పుడు తెలుసుకున్నాడన్నది ఎవరూ పెద్దగా అడగలేదు." ఒక నిమిషం. ఇక్కడే మీ సాహిత్య సమీక్ష మొత్తం అయిపోవాలి.

"అందుకని నేను అడిగిన ప్రశ్న ఒక్కటే: కాయ కోసే రోజున రైతుకు ధర గురించి ఏం తెలుసు?" ఒక నిమిషం.

"ఆ సంగతి తెలియాలంటే రైతును కోతకు ముందూ, డబ్బు వచ్చాకా రెండుసార్లు కలవాలి, అలా 60 మందిని కలిశాను." రెండు నిమిషాలు.

"వాళ్లలో ఇంతమందికి కోశాకే ధర తెలిసింది." మూడు నిమిషాలు. మీ సెమినార్‌కు గుండెకాయ ఇదే. ఒక్క పట్టిక, దాని పక్కన ఒక రైతు అనుభవం. ఆయన పేరు వద్దు, ఊరు కూడా వద్దు.

"పండే కాయ ఆగదు, ట్రాక్టర్ బాడుగ ఆగదు, కాబట్టి నచ్చకపోయినా వాళ్లు వెనక్కి రాలేదు." రెండు నిమిషాలు.

"ఇది రైతులు చెప్పింది మాత్రమే, ఫ్యాక్టరీల వైపు లెక్క నా దగ్గర లేదు." ఒక నిమిషం.

ఆ తర్వాత మీ చివరి వాక్యం, ఒక నిమిషం. కూడితే 12.

ఈ చీటీలను వరుసగా పరిచి, రెండింటి మధ్య ఏ మాట పెడితే అతుకుతాయో చూడండి. "అయితే", "అందుకని", "కాబట్టి" పడితే వరుస గట్టిగా ఉన్నట్టు. ఎక్కడ చూసినా "ఆ తర్వాత" తప్ప ఇంకేమీ పడకపోతే, మీరు సంగతులను పక్కపక్కన పేర్చారే తప్ప ఒకదాన్నుంచి ఇంకోదాన్ని పుట్టించలేదు. అలాంటి చోట ఒక చీటీ తీసేసి చూడండి. చాలాసార్లు దాని అవసరమే ఉండదు.

ఔట్‌లైన్ చేసే ఇంకో మేలు ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. అది మీ పనిలో ఖాళీలను మీకు ముందుగా చూపిస్తుంది. పై వరుసలో ఫ్యాక్టరీల గురించిన చీటీ చూడండి. 52 స్లైడ్ల కింద అది కనబడకుండా పోయింది. ఎనిమిది చీటీల్లో పెట్టేసరికి బయటపడింది. మీకు 20 రోజులున్నాయి. బంగారుపాళ్యంలోనో దామలచెరువులోనో ర్యాంపు నడిపేవాళ్లు ఇద్దరు ముగ్గురితో, వీలైతే గుజ్జు ఫ్యాక్టరీలో కొనుగోళ్లు చూసే ఒకరితో మాట్లాడండి. "కాయ రాకముందే ధర ఎందుకు చెప్పలేరు?" అని అడగండి. వాళ్లకూ ఏదో కారణం ఉంటుంది. ఆ ఇద్దరు ముగ్గురి మాటలను ఫలితంగా చూపించకూడదు, కానీ ప్రశ్నల సమయంలో మీ దగ్గర జవాబు ఉంటుంది. అంతకన్నా ముఖ్యం, మీకే విషయం ఇంకోవైపు నుంచి కనబడుతుంది.

ఇక స్లైడ్లు. నిమిషానికి ఒకటి అనుకుంటే పన్నెండు చాలు, మీ చీటీలు ఎనిమిదే కాబట్టి ఇంకా తక్కువైనా ఫర్వాలేదు. మిగిలిన నలభై పైచిలుకు స్లైడ్లను చెరిపేయొద్దు, చివరి స్లైడు తర్వాత దాచి ఉంచండి. ఎవరైనా శాంపిల్ గురించి అడిగితే తెరిచి చూపించొచ్చు. స్లైడు పైన "ఫలితాలు" అని పెట్టే బదులు చీటీ మీది వాక్యాన్నే పెట్టండి. అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో ఇంజినీరింగ్ విద్యార్థులకు సెమినార్లు ఇవ్వడం నేర్పిన మైకేల్ ఆలీ ఈ పద్ధతిని బాగా ప్రచారం చేశారు. పైన ఒక పూర్తి వాక్యం, కింద దానికి రుజువుగా ఒక బొమ్మో పటమో పట్టికో. బుల్లెట్ పాయింట్లు ఉండవు. ఔట్‌లైన్ వాక్యాల్లో రాసుకున్నవాళ్లకు ఈ పని సగం అయిపోయినట్టే.

ఇంగ్లీషు గురించి రాశారు. నా మాట వినండి, ఔట్‌లైన్ తెలుగులోనే రాయండి. మీరు ఆ 60 మందితో తెలుగులో మాట్లాడారు. వాళ్లు మీకు తెలుగులో చెప్పారు, మీకు కోపం వచ్చినా జాలి కలిగినా తెలుగులోనే వచ్చింది. ఆలోచన ఏ భాషలో పుట్టిందో ఆ భాషలోనే దాని వరుస సరిగ్గా కుదురుతుంది. మొదటే ఇంగ్లీషులో రాస్తే ఏమవుతుందో నేను చాలామంది పిల్లల దగ్గర చూశాను. చెప్పాలనుకున్నది పక్కకు పోయి, రాయడం తెలిసిన వాక్యం వచ్చి కూర్చుంటుంది. "వేరియస్ కన్‌స్ట్రెయింట్స్ ఫేస్డ్ బై ద ఫార్మర్స్" అని. అది ఎన్నో థీసిస్‌లలో చదివి చదివి చేతికి అలవాటైపోయిన మాట. దానిలో ర్యాంపు దగ్గర ట్రాక్టర్ మీద రాత్రంతా కూర్చున్న మనిషి లేడు. తెలుగులో ఎనిమిది వాక్యాలు కుదిరాక, ఆ ఎనిమిదింటినే చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలుగా మార్చుకోండి. మీ సార్‌నో, ఇంగ్లీషు బాగా వచ్చిన స్నేహితురాలినో ఒకసారి చూడమనండి. ఆ ఎనిమిదీ కంఠతా పట్టండి. వాటి మధ్యలో చెప్పేది ఎంత మామూలు ఇంగ్లీషులో చెప్పినా, తడబడి ఆగినా, ఎవరూ దారి తప్పరు. టెన్షన్ పూర్తిగా పోతుందని చెప్పను. కానీ మాట మరిచిపోయినప్పుడు పట్టుకోవడానికి తర్వాతి మెట్టు ఎక్కడుందో మీకు తెలిసి ఉంటుంది.

"ర్యాంపు" లాంటి మాటలను మాత్రం ఇంగ్లీషులోకి మార్చకండి. మొదటిసారి వచ్చినప్పుడు, రైతుల దగ్గర కాయ తూకం వేసి కొనే చోటు అని ఒక్క వాక్యంలో చెప్పి, అదే మాట వాడండి.

ఔట్‌లైన్ కుదిరిందో లేదో చూడడానికి మీ నాన్నగారికి ఫోన్ చేయండి. స్లైడ్లు లేకుండా, చీటీలు చూస్తూ రెండు నిమిషాల్లో చెప్పండి. ఆయన "అవును కదా" అంటే మంచిదే. "అదంతా సరే, అయితే ఏమంటావు?" అంటే చివరి వాక్యం ఇంకా తేలలేదు. "అట్ల కాదు, పోయినేడు మన కాయకు ముందే చెప్పినారు కదా" అంటే ఇంకా మంచిది, మీ వాక్యానికి హద్దు ఎక్కడో ఆయన చూపించారు. హాస్టల్‌లో మీ సబ్జెక్టు కాని అమ్మాయికి కూడా ఒకసారి చెప్పండి. వెంటనే ఏమీ అడగొద్దు. మర్నాడు పొద్దున "నిన్న నేనేం చెప్పాను?" అని అడగండి. ఆమెకు గుర్తున్నదే హాల్లో వాళ్లకూ గుర్తుంటుంది. ఆ తర్వాత ఎనిమిది వాక్యాలూ ఒక్క పేజీలో, నిమిషాలతో సహా రాసి మీ సార్ దగ్గరకు తీసుకెళ్లండి. భయపడకండి. "ముందు ఔట్‌లైన్ రాసుకుని రామ్మా" అన్న మనిషి మీ సెమినార్ బాగుండాలనే అన్నారు. ఒక్క పేజీ అయితే అక్కడే నిలబడి చదివి, రెండు చోట్ల పెన్ను పెట్టి ఇస్తారు.

మీ నాన్నగారి సంగతి తప్పకుండా చెప్పండి. పద్ధతి చెప్పే చీటీలోనే ఒక్క వాక్యంగా: "మాది కూడా తోతాపురి తోటే, మా ఇంటిని ఈ 60 మందిలో కలపలేదు." కలిపి ఉంటే కలిపానని చెప్పండి. దాస్తే తర్వాత ఎవరో అడిగినప్పుడు తప్పు చేసినట్టుంటుంది. చెప్తే, ఆ రైతులు మీతో అంత మనసు విప్పి ఎందుకు మాట్లాడారో అర్థమవుతుంది. వాళ్లు మీకు అనుకూలంగా చెప్పి ఉండొచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. రెండుసార్లు కలవడం, డబ్బు రసీదులు చూడడం లాంటివి మీరు చేసి ఉంటే అవే దానికి జవాబు.

థాంక్స్ కూడా అక్కడే చెప్పేయండి. ఊళ్ల మ్యాపు తెర మీద ఉన్నప్పుడు, "ఈ ఊళ్లలో 60 మంది కోత పనుల మధ్యలో నాకు సమయం ఇచ్చారు" అంటే అది నిజంగా వాళ్లకు చేరిన థాంక్స్. చివర్లో పూలబొమ్మతో "థాంక్యూ" అని పెట్టే స్లైడు తీసేయండి. ప్రశ్నలు అడిగే ఆ మూడు నిమిషాలూ తెర మీద ఏది ఉంటే దాన్నే అందరూ చూస్తూ ఉంటారు. అక్కడ మీ చివరి వాక్యాన్ని ఉంచండి.